విద్యార్థి విడిది: కమలాపురము సీమ విద్యార్థుల నగరవాస చరిత్ర

విశ్వవిద్యాలయముల చరిత్రలు మనకు పెక్కు గలవు. వానిలో స్థాపక శాసనములు, ఉపాధ్యక్షుల పరంపర, కట్టడముల వైభవము, శాఖల విస్తరణము సవిస్తరముగ వర్ణింపబడినవి. కాని ఆ విద్యాలయములలో చదివిన బాలుడు రాత్రి ఎచ్చట పరుండెను? ఎవరి ఇంట భుజించెను? ఏ కిరోసిను దీపము వెలుగున పాఠము వల్లించెను? ఈ ప్రశ్నలకు ఆ గ్రంథములలో సమాధానము కానరాదు. ఇవి చిల్లర విషయములని కొందఱు తలంపవచ్చును. మేము అట్లు తలంపము. దూరగ్రామముల నుండి వచ్చు విద్యార్థికి సీటు దొరకుట యొకటి, చోటు దొరకుట మఱియొకటి. మొదటిది విశ్వవిద్యాలయము ఇచ్చును. రెండవదానిని చిరకాలము సంఘము ఇచ్చినది, సంఘమే నిరాకరించినది. ఉన్నతవిద్య ఎవరికి అందినదో తెలిసికొనుటకు ప్రవేశ పట్టికలను మాత్రమే చూచిన చాలదు, విడిదుల చరిత్రను గూడ చూడవలయునని నిరూపించుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ఇందులకు మేము గ్రహించిన సీమ కడప మండలమందలి కమలాపురము, దాని నంటియున్న ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములు. పాపఘ్ని పెన్నలో కలియు ఈ సీమ తెలుగు భాషాచరిత్రకారులకు సుపరిచితము. తెలుగున వెలసిన తొలి శాసనములుగా ప్రసిద్ధములైన కలమళ్ల, ఎఱ్ఱగుడిపాడు శాసనములు పూర్వపు కమలాపురము తాలూకాలోనివే. రేనాటి చోళుల కాలమున, ఆఱవ శతాబ్దపు ఉత్తరభాగమున, తెలుగు వాక్యము రాతిపై నిలిచిన ఊళ్లివి. అట్టి సీమ బాలురు పట్టభద్రులగుటకు ఆధునిక యుగమున వందల మైళ్లు పోయి, పరాయి నగరమున విడిది వెదకికొనవలసి వచ్చుట గమనింపదగిన విషయము.

1. విడిదిని దెలుపు మాటలు

ముందుగా పదములను పరిశీలింతము. కోస్తావారు అద్దె యనునది మా సీమలో బాడుగ. బాడుగ ఇల్లు, బాడుగ బండి యని వ్యవహారము. విడిది, బస, మకాము అను మూడును తాత్కాలిక నివాసమును దెలుపునవే యైనను వాని ఛాయలు వేఱు. విడిది పెండ్లివారికి, యాత్రికులకు గౌరవపూర్వకముగ ఇచ్చునది. బస బాటసారి తాను చూచుకొనునది. మకాము అధికారి వేయునది. సత్రము ధర్మమునకు, పూటకూటి ఇల్లు వెలకు. ఈ మాటలలో ఏదియు ప్రత్యేకముగ విద్యార్థి నివాసమును దెలుపదు. ఆ యర్థమున మనకు వాడుకైన మాట హాస్టలు, అనగా ఆంగ్లము నుండి దిగుమతియైనది. పూర్వము విద్యార్థికి ప్రత్యేకముగ ఇల్లు లేదు. అతడు గురువుగారి ఇంటివాడుగనో, ఊరివారి అతిథిగనో ఉండెను.

వెలకు అన్నము పెట్టు ఇండ్లు మనకు క్రొత్తవి కావు. క్రీడాభిరామము ఓరుగంటి పూటకూటి ఇంటిని వర్ణించినది. ఆ వర్ణనమును సాంఘిక చరిత్రకు ఆధారముగ వినియోగించిన పండితులలో సురవరము ప్రతాపరెడ్డిగారు ముఖ్యులు. వారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వెలువడి, 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ వారి తొలి తెలుగు పురస్కారమును పొందినది. రాజుల చరిత్రను విడిచి అన్నము, బట్ట, ఇల్లు అను వానిని చరిత్రవస్తువులుగ గ్రహించిన ఆ మహనీయుడు స్వయముగ హైదరాబాదులో ఒక విద్యార్థి వసతిగృహమును నిర్వహించినవాడు. ఆ సంగతిని ముందు ప్రస్తావింతుము.

2. వారములు, మధూకరము, గురుగృహము

రైలు రాకపూర్వము మా సీమ నుండి మద్రాసునకు పోవుట దినముల తరబడి సాగు ప్రయాణము. 1830 మే 18న మద్రాసు నుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు కడప మీదుగ పోవుచు, మజిలీ మజిలీకి నీరు, నీడ, అంగళ్లు ఎట్లున్నవో వ్రాసికొనిరి. పరివారము గల పెద్దమనిషికే బస అంతటి విచారమైనపుడు, చేతిలో తాటాకు కట్ట తప్ప మఱేమియు లేని విద్యార్థి సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు.

అతనికి ఆధారమైన పద్ధతులు మూడు. మొదటిది గురుగృహవాసము. రెండవది వారములు చేసికొనుట: వారమున ఏడు దినములకు ఏడు ఇండ్లు కుదుర్చుకొని, దినమున కొక ఇంట భుజించుట. మూడవది మధూకరము: తుమ్మెద పూవు పూవున తేనె గ్రహించినట్లు ఇంటింట అన్నము స్వీకరించి గుడి అరుగుపైననో గురువుగారి చావడియందో భుజించుట. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు తమ 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' అను గ్రంథమున ఇట్టి విద్యార్థి జీవితమును చిత్రించి మనకు గొప్ప ఉపకారము చేసిరి.

ఈ పద్ధతి ఔదార్యమును మనము తక్కువగ చూడరాదు. ధనమను మాట లేకుండ ఒక ఊరు ఊరంతయు కలిసి బాలుని చదివించుట సామాన్యము కాదు. కాని దాని హద్దులను గూడ గుర్తింపవలయును. వారములు ప్రధానముగ బ్రాహ్మణ వటువులకు ఉద్దేశింపబడినవి. రైతుబిడ్డకు, చేనేతవాని బిడ్డకు ఆ పంక్తిలో ఆకు పడదు. మాలమాదిగల బిడ్డకు ఆ వీథియే లేదు. ఆడుబిడ్డ వారములు చేసికొని చదువుకొనెనను మాట మనము వినము. కావున ఆ ధర్మము గొప్పది, దాని వాకిలి ఇఱుకైనది.

అప్పుడప్పుడు ఒక్కొక్క వ్యక్తి ఆ వాకిలిని వెడల్పు చేసిన ఉదాహరణములు లేకపోలేదు. టంగుటూరి ప్రకాశము పంతులుగారి తల్లి ఒంగోలులో పూటకూటి ఇల్లు నడిపి బిడ్డలను పోషించెను. ఉపాధ్యాయులైన ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు ఆ బాలుని తమతో రాజమహేంద్రవరమునకు తీసికొనిపోయి చదువు సాగునట్లు చూచిరి. కులము వేఱైనను గురువు ఇల్లు శిష్యునికి ఇల్లయ్యెను. తరువాతి కాలమున ఆంధ్రరాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రియైనవాని విద్య ఒక విడిది వలన నిలిచినదని చెప్పుట అతిశయోక్తి కాదు.

3. మద్రాసు: పరీక్ష పెట్టు విశ్వవిద్యాలయము, ఇల్లు లేని విద్యార్థి

1800లో నైజాము ఈ సీమను ఆంగ్ల కంపెనీకి దత్తము చేసిన నాటి నుండి దీని పరిపాలనమునకు మద్రాసే కేంద్రమయ్యెను. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము ఏర్పడినది. మద్రాసు నుండి వాయవ్యముగ సాగిన ఇనుపదారి 1871లో రాయచూరు చేరి బొంబాయి దారితో కలిసినది. ఆ దారిమీదనే కమలాపురము స్టేషను గలదు. పూర్వము దినములు పట్టిన ప్రయాణము ఒక రాత్రికి కుదిసినది. రైలు దూరమును తగ్గించినది గాని ఊరు చేరినవానికి ఇల్లు చూపలేదు.

ఆ లోపమునకు కారణము విశ్వవిద్యాలయపు స్వరూపముననే గలదు. మద్రాసు, కలకత్తా, బొంబాయి విశ్వవిద్యాలయములకు మాదిరి ఆనాటి లండను విశ్వవిద్యాలయము. అది పరీక్షలు పెట్టి పట్టములు ఇచ్చునది. విద్యార్థి ఎచ్చట వసించునో దానికి పట్టదు. ఐరోపాలోని ప్రాచీన సంప్రదాయము ఇందులకు విరుద్ధము. పారిసు నగరమున 1257 ప్రాంతమున రాబర్టు ద సోర్బాను స్థాపించిన కళాశాల తొలుత పేద వేదాంత విద్యార్థులకు వసతిగృహము. ఆక్స్‌ఫర్డు కళాశాలలును విద్యార్థులు కలిసి వసించు గృహములుగ పెరిగినవే. అనగా కళాశాల యను సంస్థకే మూలము విడిది. మనకు వచ్చిన విశ్వవిద్యాలయము ఆ మూలమును అచ్చటనే విడిచి, పరీక్షను మాత్రము ఓడ ఎక్కించుకొని వచ్చినది.

ఈ లోపమును ప్రభుత్వము ఆలస్యముగనైనను గుర్తించినది. 1904 నాటి భారత విశ్వవిద్యాలయముల చట్టము అనుబంధమును కోరు కళాశాల నెఱవేర్పవలసిన షరతులలో ఒకటిని ఇట్లు విధించినది: తల్లిదండ్రుల యొద్దగాని సంరక్షకుల యొద్దగాని వసింపని విద్యార్థులకు కళాశాలయందైనను, కళాశాల ఆమోదించిన బసలయందైనను నివాసము ఏర్పాటు కావలయును. మా దృష్టిలో ఈ వ్యాసమునకు ఆయువుపట్టు వంటి నియమమిది. హాస్టలు లేనిచో ఊరిలోని బాడుగ గదుల మంచిచెడ్డలకు గూడ కళాశాలయే పూచీ యని ఈ చట్టము తాత్పర్యము. కాలక్రమమున మన విద్యావ్యవస్థలో మొదటి సగము హాస్టలు కట్టడముగ మిగిలినది. రెండవ సగము, అనగా బయటి బసలపై కళాశాల బాధ్యత, మఱపున పడినది.

మద్రాసు చేరిన మా సీమ బాలునకు ఆనాడు గల దారులు ఇవి. కళాశాలల వసతిగృహములు కొన్ని గలవు. ప్రెసిడెన్సీ కళాశాల విద్యార్థులకు విక్టోరియా హాస్టలు ప్రసిద్ధము. సెంట్రలు స్టేషను ఎదుటి రామస్వామి మొదలియారు సత్రము వంటివి దిగినవానికి తొలినాళ్ల నీడ. కాని సత్రము బాటసారికే గాని ఏడాది చదువువానికి గాదు. తిరువల్లిక్కేణి వీథులలో గదులు బాడుగకు దొరకును, మెస్సులలో అన్నము దొరకును. 1905లో మైలాపూరున వెలసిన శ్రీరామకృష్ణ విద్యార్థి గృహము పేద విద్యార్థులకు ఉచితముగ కూడు, గూడు, విద్య మూడింటిని ఇచ్చిన ఆదర్శసంస్థ. 1937లో క్రైస్తవ కళాశాల జార్జిటౌను విడిచి తాంబరమునకు తరలి, వసతి మందిరముల చుట్టును తన జీవితమును ఏర్పఱచుకొనినది. బాలికలకు 1914 నాటి క్వీన్ మేరీ కళాశాల, 1915 నాటి మహిళా క్రైస్తవ కళాశాల ఆధారములు. బాలికల విషయమున వసతి లేనిచో విద్యయే లేదు. బాలుడు సత్రపు అరుగుపై పరుండియైనను చదువగలడు, బాలికను అట్లు పంపు తల్లిదండ్రులు లేరు. కనుక స్త్రీవిద్య చరిత్రలో తరగతిగది కంటె ముందు వసతిగృహమును నిలుపవలయును.

వసతిగృహమున చోటు దొరికినను కథ ముగియలేదు. పంక్తి యను ప్రశ్న మిగిలియుండెను. 1920ల తొలి సంవత్సరములలో తిరునల్వేలి ప్రాంతమున శేరన్మాదేవి గురుకులమున బ్రాహ్మణ బాలురకు వేఱుగ భోజనము పెట్టుటపై చెలరేగిన వివాదము మద్రాసు రాజధాని అంతటిని కుదిపినది. తెలుగు మూలములుగల వరదరాజులు నాయుడుగారును, ఇ.వి. రామస్వామిగారును ఆ పద్ధతిని ప్రతిఘటించిరి. విద్యార్థి వసతిలోని ఒక విస్తరాకు దక్షిణదేశ రాజకీయముల గతిని మార్చుటకు తోడ్పడినది. వసతిచరిత్ర చిల్లర విషయము కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

4. కుల వసతిగృహములు: ఉపకారము, పరిమితి

ప్రభుత్వము ఇయ్యని దానిని కులసంఘములు ఇచ్చినవి. కొల్హాపురమున శాహూ మహారాజు 1901 నుండి వరుసగ వివిధ కులముల బాలురకు వసతిగృహములను నెలకొల్పెను. బెంగుళూరున 1906లో ఏర్పడిన ఒక్కలిగుల సంఘము వంటివి విద్యార్థి వసతిని తమ ప్రధానకార్యములలో నొకటిగ గ్రహించినవి. హైదరాబాదున 1918లో రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డిగారి పూనికతో రెడ్డి హాస్టలు వెలసినది. ఉస్మానియా విశ్వవిద్యాలయము ఏర్పడినదియు ఆ సంవత్సరముననే యగుట గమనింపదగినది. సురవరము ప్రతాపరెడ్డిగారు నిర్వహించినది ఈ హాస్టలునే. అచ్చట తెలుగు గ్రంథాలయము పెరిగినది. ఉర్దూ మాధ్యమమున చదువు బాలురకు తెలుగు పత్రికలు, తెలుగు సభలు పరిచయమైనవి. తెలంగాణపు ఆంధ్రోద్యమమున, ఆ తరువాతి పోరాటములలో ముందు నిలిచిన పలువురు ఆ కప్పు క్రింద పెరిగినవారే. విశ్వవిద్యాలయము పాఠము చెప్పినది. మాతృభాషను వసతిగృహము నేర్పినది.

ఈ సంస్థలు చేసిన ఉపకారము అపారము. తాతతండ్రులు పలుగు, పార పట్టిన ఇండ్ల నుండి తొలి పట్టభద్రులు వీని వలననే వచ్చిరి. వీనిని కులతత్త్వమునకు పుట్టిండ్లని ఒక్కమాటతో త్రోసివేయుట చరిత్రజ్ఞుల పని కాదు. కాని వీనిని మాత్రమే పొగడుటయు సరికాదు. ధనము, భూమి గల కులమునకు పెద్ద హాస్టలు. అవి లేని కులమునకు హాస్టలే లేదు. విద్య కులమును కరగించునని పెద్దలు ఆశించిరి. చదువుకొను వయసున బాలుడు తన కులమువారి నడుమనే నిద్రించి, వారి నడుమనే మేల్కాంచి, ఉద్యోగమునకు సిఫారసును వారి యొద్దనే పొందినచో ఆ కరగుట ఎట్లు జరుగును? విశ్వవిద్యాలయము పగలు కలిపిన వారిని విడిది రాత్రి విడదీసినదని మేము తలంతుము.

5. వాకిట నిలిచినవారు

విద్య వచ్చినంత మాత్రమున ఇల్లు రాదనుటకు డాక్టరు అంబేద్కరు జీవితమును మించిన ఉదాహరణము లేదు. అమెరికా, ఇంగ్లండు దేశములలో చదివి 1917లో బరోడా సంస్థానమున ఉద్యోగమునకు వచ్చిన ఆయనకు ఆ నగరమున ఉండుటకు చోటు దొరకలేదు. పార్సీల సత్రమున పార్సీ పేరుతో ఉండగా, సంగతి తెలిసి కఱ్ఱలు పట్టుకొని వచ్చినవారు ఆయనను వెడలగొట్టిరి. ఆ దినమును తాను మఱువలేనని ఆయన తన స్మృతులలో చెప్పుకొనెను. కొలంబియా విశ్వవిద్యాలయము తెఱచిన తలుపు ఒక సత్రము మూసినది.

మద్రాసు రాజధానిలో అణగారిన వర్గముల విద్యార్థులకు 1920ల నుండి ప్రభుత్వ లేబరు శాఖ వసతిగృహములను నడుపసాగినది. స్వాతంత్ర్యానంతరము అవి సాంఘిక సంక్షేమ వసతిగృహములుగ విస్తరించినవి. 1955 నాటి అస్పృశ్యత నేరముల చట్టము ప్రజోపయోగమునకై నడుపబడు విద్యాసంస్థలలోను వసతిగృహములలోను ప్రవేశమును అస్పృశ్యత కారణమున నిరాకరించుటను శిక్షార్హమొనర్చెను. మా సీమలో తాలూకా కేంద్రముల సంక్షేమ వసతిగృహములు లేకున్నచో ఎందఱో దళిత, వెనుకబడిన తరగతుల బాలురు ఉన్నత పాఠశాల గడప దాటియుండరు. వాని రేకుల కప్పులు, పలుచని పప్పు, ఒక గదిలో ముప్పది పెట్టెలు మనకు తెలియనివి కావు. ఆ లోపములతో గూడ అవి మన చరిత్రలో, కులము కారణముగ వెలివేయబడినవాని హక్కుగ లభించిన తొలి విడిదులు.

కాని చట్టము చేయి చాచునది బోర్డు గల వసతిగృహము వఱకే సులువుగ చేరును. బాడుగ ఇంటి యజమాని నిరాకరించునపుడు కారణము చెప్పడు. చెప్పని కారణమునకు సాక్ష్యము లేదు. ఈ సత్యమును మేము గ్రంథములలో గాక అనుభవమున నేర్చితిమి. సుమారు రెండు దశాబ్దముల క్రిందట మేమును, మా కమలాపురము వాడే యైన ఒక ముస్లిము మిత్రుడును స్నాతకోత్తర విద్యకై రాత్రి రైలెక్కి ఉదయము కాచిగూడలో దిగితిమి. సీట్లు వచ్చినవి, హాస్టలు పట్టికలో పేర్లు రాలేదు. విశ్వవిద్యాలయ సమీపపు వీథులలో టులెట్ బోర్డులు చూచుకొనుచు నాలుగు దినములు తిరిగితిమి. ప్రతి గడపలోను ప్రశ్న యొకటే: "ఏ ఊరు బాబూ? ఇంటిపేరేమిటి?" ఇంటిపేరు అడుగుట కులమడుగుటకు మర్యాదైన దారి. మా ఇంటిపేరు విన్న పిమ్మట మాట సాగెడిది. మిత్రుడు పేరు చెప్పినంతనే, "మా వాళ్లనడిగి చెప్తాం" అను మాటతో తలుపు మెల్లగ మూసికొనెడిది. ఒకచోట ఇంటావిడ చల్లని మజ్జిగ ఇచ్చి మఱీ లేదనెను. ఆమె చెడ్డదని మేము నేటికిని అనుకొనము. మంచివారి ఇండ్లలో గూడ ఆ తలుపు అట్లే మూసికొనుట మమ్ము ఎక్కువ బాధించినది. ముస్లిములకు బాడుగ ఇండ్లు దొరకుట దుర్లభమగుచున్నదని 2006లో సచ్చర్ సంఘము నివేదించినపుడు మాకు ఆ నాలుగు దినములు జ్ఞప్తికి వచ్చినవి.

మఱునాడు నేనొక్కడినే గది తీసికొని, అతనిని తరువాత పిలిపింతునని మేము పలికితిమి. మిత్రుడు ఒప్పుకొనలేదు. "దొంగతనంగా ఉండేదానికి రాలేదు గదా, చదువుకునేదానికొచ్చినాం" అనెను. ఆ మాటకు మాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. తుదకు జమ్మలమడుగు వాడైన ఒక సీనియరు తన హాస్టలు గదిలో మా ఇరువురకును చోటిచ్చెను. నియమములకు విరుద్ధముగ గదిలో ఉండువారిని నాన్‌బోర్డర్లందురు. అప్పటికే ఆ గదిలో నలుగురు గలరు. మేము మొగమాటపడగా, "సాప ఉండాది గదబ్బా, ఇంగేం గావల్ల?" అని ఆయన మంచముల నడుమ చాప పఱచెను. వారములు చేసికొను పద్ధతి మన దేశమున అంతరింపలేదనియు, అది కులమును దాటి హాస్టలు గదిలో బ్రతికియున్నదనియు మాకు ఆనాడు తోచినది. ఆ చాపపై ఒక సంవత్సరము గడిపి మిత్రుడు పట్టము పొందెను.

6. విశ్వవిద్యాలయము ఇంటికి దగ్గఱగుట

విడిది సమస్యకు రాయలసీమ పెద్దలు వెదకిన పరిష్కారము మఱియొకటి: విద్యార్థిని నగరమునకు పంపుట మాని విశ్వవిద్యాలయమునే దగ్గఱకు తెచ్చుట. 1915లో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాల, 1916లో అనంతపురమున దత్తమండల కళాశాల వెలసి మద్రాసు ప్రయాణమును కొంత తగ్గించినవి. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు విశాఖపట్టణమున స్థిరపడుటతో మా సీమకు అది మద్రాసు కంటెను దూరమయ్యెను. దత్తమండలములు మద్రాసు విశ్వవిద్యాలయ పరిధియందే నిలిచినవి. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి గృహమైన శ్రీబాగున కుదిరిన ఒడంబడికలో, వాల్తేరుతో పాటు అనంతపురమునందును విశ్వవిద్యాలయ కేంద్రము ఉండవలయునని వ్రాసికొనిరి. దీనిని చరిత్రకారులు రాజకీయపు బేరముగ వ్యాఖ్యానింతురు. అది నిజమే. కాని ఆ పంక్తి వెనుక మద్రాసు వీథులలో గది వెదకికొనిన ఒక తరము అనుభవము గూడ గలదని మేము చదువుకొందుము.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన పిమ్మట మద్రాసు మనకు పరాయి రాజధాని యయ్యెను. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసినది. 1981లో అనంతపురమున శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము, 1983లో తిరుపతిలో పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము, 2006లో కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయము ఏర్పడినవి. 2008లో పులివెందుల సీమలోని ఇడుపులపాయయందు ప్రారంభమైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణము మా వాదమునకు ముఖ్యమైనది. అందు పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థికి ప్రవేశముతోనే నివాసము గూడ లభించును. సీటును చోటును వేఱు చేయని సంస్థ అది. బాలికలు విశేషముగ చేరుటకు ఇదియు నొక కారణమని మా విశ్వాసము.

ఐనను నగరయాత్ర ఆగలేదు. ఉద్యోగశిక్షణ హైదరాబాదు అమీరుపేటలో, పోటీపరీక్షల చదువు అశోకనగరులో, కొలువులు బెంగుళూరులో నున్నంత కాలము మా సీమ యువతీయువకులు పోవుచునే యుందురు. నేడు వారికి ఆశ్రయము పి.జి. అని పిలువబడు వాణిజ్య వసతిగృహములు. ఇచ్చట ఇంటిపేరు అడుగువారు తక్కువ. అడ్వాన్సు అడుగువారే అందఱు. ముగ్గురి గది, నలుగురి గది యని మంచము లెక్కన బాడుగ. కులము స్థానమును ధనము ఆక్రమించుట ఒక విధముగ అభ్యుదయమే. కాని ఈ విడిదికి స్థిరత్వము లేదు. 2020 మార్చి చివరి వారమున మహమ్మారి కారణముగ దేశము మూతపడినపుడు హైదరాబాదులోని అనేక వసతిగృహములు విద్యార్థులను ఖాళీ చేయుమనెను. పోలీసు పత్రములు పట్టుకొని బయలుదేరిన వేలమంది ఆంధ్రసరిహద్దున గరికపాడు వద్ద ఆపబడి రోడ్డుపై రాత్రి గడిపిరి. వెనుక గది లేదు, ముందు దారి లేదు. బాడుగ రసీదు హక్కుపత్రము కాదని ఆ రాత్రి తెలిపినది.

ఆ సంవత్సరమే ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము వసతిదీవెన యను పథకమును ప్రారంభించి, పట్టవిద్యార్థికి భోజనవసతులకై సంవత్సరమునకు 20,000 రూపాయల వఱకు ఇయ్య నిర్ణయించినది. విద్యార్థి వసతి ధర్మము కాదు, ప్రభుత్వ బాధ్యత యను భావమును ఆ పథకము స్పష్టముగ అంగీకరించినది. కాని డబ్బు గదిని కొనగలదు గాని గడపను తెఱవలేదు.

7. ఉపసంహారము

పై పరిశీలనము వలన తేలిన విషయములు మూడు. ఒకటి: మన ఉన్నతవిద్య ఆది నుండియు విద్యార్థి నివాసమును తన పనిగ భావింపలేదు, ఆ పనిని ధర్మమునకు, కులమునకు, పిదప అంగడికి విడిచినది. రెండు: ఎవరు విడిది నిచ్చిరో వారే ఎవరు చదువవలయునో నిర్ణయించిరి. మూడు: 1904 నాటి చట్టము తలపెట్టిన ఆమోదిత బసల భావము నేటికిని విలువైనది. ప్రతి విశ్వవిద్యాలయమును తన చుట్టుపట్ల బాడుగ గదుల పట్టిక నుంచి, కులమతముల నడుగక ఇచ్చు యజమానులను అందు నమోదు చేసి, నిరాకరణమును విచారింపగలిగినచో వ్యయము స్వల్పము, ఫలము అధికము.

పరిశోధక విద్యార్థులకు మా మనవి యొకటి గలదు. హాస్టళ్ల ప్రవేశ పుస్తకములు, మెస్సు లెక్కలు, తండ్రులు వ్రాసిన మనియార్డరు కూపనులు, బాడుగ రసీదులు ఇండ్ల అటకలపై చెదలు పట్టుచున్నవి. వానిని సేకరింపుడు. కలమళ్లలో రాతిపై నిలిచిన కొలది పంక్తుల నుండి మన పెద్దలు ఒక యుగచరిత్రను నిర్మించిరి. ఒక పేద విద్యార్థి తన తండ్రికి గది బాడుగ గుఱించి వ్రాసిన కార్డుముక్క అంతకు తక్కువైన శాసనము కాదు.